గుమ్మం దాటని బషీరా

పాకాల మసీదు వీధి ఆడవాళ్ళకు బషీరా అంటే కొంచెం భయం, చాలా భరోసా. భయం ఎందుకంటే ఆమె నోరు మెత్తనిది కాదు. భరోసా ఎందుకంటే ఆ వీధిలో ఏ ఆడమనిషి కన్నుమూసినా గుసుల్ చేయించేది, అంటే కడసారి స్నానం చేయించి కఫన్ గుడ్డ చుట్టేది, ఆమే. రేగాకు వేసి కాచిన నీళ్ళు, కాస్త కర్పూరం, ఓపికున్న రెండు చేతులు. పైన కప్పిన దుప్పటి ఇంచు కూడా తొలగనివ్వకుండా, దాని కిందే చేయి పోనిచ్చి ఒళ్ళంతా కడగడం అత్తగారి దగ్గర నేర్చుకుంది. దానికి డబ్బు తీసుకోదు సరే, ఆ ఇంట్లో టీ కూడా తాగదు. పని కాగానే బుర్ఖా వేసుకుని, స్టేషన్ రోడ్డులో పరుపులు కుట్టే మొగుడు కాశింవలికి క్యారియర్ పట్టుకుని పోయేది.

అత్తగారు పనితోపాటు ఒక నియమం కూడా అప్పగించింది. నమాజ్ లేని రోజుల్లో, అంటే నెలసరిలో, ఉన్న ఆడది గుసుల్ చేయించే గది గుమ్మం దాటకూడదు. బషీరా దాన్ని అత్తగారికంటే గట్టిగా పట్టుకుంది. లోపలికి రాబోయే ప్రతి ఆడమనిషినీ ఆపి, ఏ మొహమాటమూ లేకుండా అడిగేది. అవునంటే కన్నకూతురైనా సరే బయటే నిలబడాలి. అట్లా బయట నిలబడి ఏడ్చిన కూతుళ్ళు ఆ ఊళ్ళో ఉన్నారు. ఆ నియమం ఎక్కడ రాసి ఉందని ఎవరూ అడగలేదు. అడిగే ధైర్యం ఎవరికుంది?

ఆమెతో ధైర్యంగా మాట్లాడేది ఒక్క ఇఫ్ఫత్. పక్కిల్లే. మొగుడు పోయాక జాకెట్లు కుట్టి కొడుకు అష్ఫాక్‌ను చదివించింది. వాడిప్పుడు బంగారుపాళ్యంలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పని చేస్తున్నాడు. మూడేళ్ళ కిందట ఇఫ్ఫత్‌కు రొమ్ములో గడ్డ వచ్చింది. తిరుపతిలో ఎడమ రొమ్ము తీసేశారు. కొడుకుతో మాత్రం సంకలో గడ్డ తీసినారని చెప్పింది. అసలు సంగతి తెలిసింది కట్లు మార్చిన బషీరాకే. కాశింవలి దుకాణంలోంచి గుప్పెడు బూరుగు దూది తెచ్చి, మెత్తటి గుడ్డలో కుట్టి, జాకెట్‌లో పెట్టుకోమని ఇచ్చింది కూడా ఆమే.

"ఎవురికీ తెలీదులే," అంది కుట్టిచ్చిన రోజు.

"నీకు తెలుసు కదా ఆపా. సాలు," అంది ఇఫ్ఫత్.

బషీరాకు నెలసరి ఆగిపోయి రెండేళ్ళు దాటింది. ఆగినప్పుడు సంతోషపడింది. రంజాన్ నెల మొత్తం ఒక్క రోజా కూడా తప్పకుండా ఉండగలిగింది. ఆ సంతోషం ఎక్కువ కాలం నిలవలేదు. ఉన్నట్టుండి ఛాతీలోంచి సెగ లేచి మొహమంతా పాకేది. చలికాలంలో కూడా జాకెట్ తడిసిపోయేది. నిద్ర లేదు. నిద్ర లేక కోపం. కూతురు అఖ్సా ఫోన్ చేస్తే చిన్న మాటకు పెద్ద రాద్ధాంతం చేసి, ఫోన్ పెట్టేసి, ఎందుకు తిట్టానా అని ఏడ్చేది. కాశింవలి మంచివాడే కానీ ఇంట్లో గొడవంటే దుకాణంలో దూది మధ్య దాక్కునే రకం.

ఒక రోజు ఒక ముసలమ్మకు గుసుల్ చేయిస్తుంటే ఆ సెగ వచ్చి కళ్ళు బైర్లు కమ్మాయి. చేతిలో చెంబు జారి నేల మీద పడింది. ఎన్నేళ్ళుగానో చేస్తున్న పనిలో అట్లా ఎప్పుడూ జరగలేదు. మిగతా పని ఇఫ్ఫత్ చేతిసాయంతో ఎట్లాగో ముగించింది.

"రేపు తిరుపతికి పోతా ఉండా, సూపిచ్చుకునేదానికి. నువ్వూ వస్తా ఉండావు," అంది ఇఫ్ఫత్ బయటికి వస్తూనే.

"నాకేం రోగం?"

"నాకేం రోగమని నేనూ అట్లనే అంటా కూసున్న్యా. యాడికి వచ్చిందో సూసినావు కదా."

అప్పటికే ఇఫ్ఫత్‌కు దగ్గు మొదలైంది. జబ్బు ఊపిరితిత్తుల్లోకి పాకిందని పోయిన నెలలోనే చెప్పారు. బషీరా ఆ మాట విని నోరు మూసుకుని బయల్దేరింది.

ప్యాసింజర్ బండిలో కిటికీ పక్కన సీటు దొరికింది. బండి కదిలిన చాలాసేపటికి ఇఫ్ఫత్ నోరు విప్పింది.

"ఆపా, నేను పోయినాక నన్ను నువ్వే కడగాల."

"నోర్ముయ్. పొద్దున్నే ఏం మాటలు?"

"నువ్వు తిట్టినా అంతే. ఇంగెవురూ ఆ రూములోకి రాకూడదు. ఈ పక్క ఎవురూ సూడకూడదు." చేయి ఎడమ వైపు కొంగు మీద పెట్టుకుంది. "వాళ్ళు సూసి, అయ్యో అంటారు. నాకు ఆ మాట వద్దు."

బషీరా కాసేపు కిటికీలోంచి బయటికి చూసింది. ఏడుపు దిగమింగుకోవాలంటే ఆమెకు అదొక్కటే మార్గం. తర్వాత ఇఫ్ఫత్ చేయి పట్టుకుంది. "నేనే. ఇంకొకరిని గుమ్మం తొక్కనీను," అంది.

ఆస్పత్రిలో డాక్టర్ రేవతి ముందు బషీరా కూర్చుంటే, వీధి మొత్తాన్ని కడిగేసే ఆ నోరు అక్కడ మూగబోయింది. ఇఫ్ఫతే అందుకుంది. "ఈమెకు మంటలు మేడమ్. ఒంట్లోనూ ఉండాయి, నోట్లోనూ ఉండాయి." డాక్టరమ్మ నవ్వి, రక్తం, స్కానింగు, రొమ్ము పరీక్షలు అన్నీ చేయించి, అవి బాగున్నాయని తేలాక హార్మోన్ మాత్రలు రాసింది. రోజుకొకటి.

"మొదటి రెండు మూడు నెలలు ఇబ్బంది ఉంటుందమ్మా. రొమ్ములు బరువుగా, నొప్పిగా ఉంటాయి. కడుపు ఉబ్బరం, తలనొప్పి, అప్పుడప్పుడు మరకలు కూడా కనపడొచ్చు. భయపడి మీ అంతట మీరు ఆపొద్దు. మరక ఎక్కువైనా, ఆగకపోయినా వెంటనే రండి."

బషీరా చెవి రొమ్ముల దగ్గరే ఆగిపోయింది. పక్కన ఇఫ్ఫత్‌ను పెట్టుకుని ఆ మాట వింటే ఎవరి చెవి మాత్రం ముందుకు పోతుంది? తర్వాత చెప్పినవి తలకెక్కలేదు.

డాక్టరమ్మ చెప్పినట్టే అయింది. వారం తిరక్కుండా రొమ్ములు రాయిలా గట్టిపడి, జాకెట్ తగిలితే ప్రాణం పోయేది. కడుపు ఉబ్బి, చీర కుచ్చిళ్ళు నిలిచేవి కావు. పొద్దున లేస్తే వాంతి వచ్చినట్టుండేది. ఇదంతా ఒక ఎత్తు, భయం ఒక ఎత్తు. తలుపు గడియ పెట్టుకుని, అద్దం ముందు నిలబడి, తన రొమ్ము తానే తడుముకుని, గడ్డేదో తగిలినట్టై, చెమటలు పట్టి ఇఫ్ఫత్ ఇంటికి పరిగెత్తేది.

ఇఫ్ఫత్ ఓపిగ్గా చూసి చెప్పేది. "ఇది గడ్డ కాదు. గడ్డ ఎట్లుంటాదో నాకు తెలీదా? నీకు రెండూ బంగారంగా ఉండాయి, పో." అని నవ్వేది. నవ్వితే దగ్గు వచ్చేది. మాత్ర అన్నం తిన్నాక వేసుకోమంది, వాంతి తగ్గింది. జాకెట్లు విప్పి, పక్కన గుడ్డ వేసి వదులు చేసి కుట్టిచ్చింది. ఇఫ్ఫత్ మిషన్ మీద చివరిగా కుట్టింది ఆ జాకెట్లే.

నెలన్నర గడిచేసరికి సెగలు తగ్గాయి. బషీరా పడుకుంటే తెల్లారేదాకా నిద్ర పట్టింది. అఖ్సాకు తనే ఫోన్ చేసి పిల్లలెట్లున్నారని అడిగింది. ఆమె కోలుకుంటున్న కొద్దీ పక్కింట్లో ఇఫ్ఫత్ కరిగిపోతూ వచ్చింది. తను తేరుకోవడం కూడా బషీరాకు తప్పు చేసినట్టే అనిపించేది. పొద్దస్తమానం ఆమె మంచం పక్కనే ఉండి గంజి తాగించేది, వీపు రాసేది. పోవాల్సిన మనిషిని ఆపలేనప్పుడు చేయగలిగింది అంతే. చివరికి చేయాల్సింది మాత్రం తన చేతిలో ఉందని గుండె గట్టి చేసుకుంది.

ఇఫ్ఫత్ మాట పడిపోయిన రోజు, నమాజ్‌కు కాళ్ళూ చేతులూ కడిగి వజూ చేసుకోబోతూ బషీరా తన బట్ట మీద ఎర్రటి మరక చూసింది.

రెండేళ్ళ తర్వాత మళ్ళీనా? ఈ వయసులోనా? మాత్రల వల్లనేమో అని తోచకపోలేదు. కానీ దేనివల్ల వస్తేనేం, రక్తం రక్తమే అనుకుంది. నమాజ్ చదివే జానిమాజ్ చాప మడిచి పెట్టేసింది. ఆ పూటే మాత్రలు కూడా మానేసింది.

అడిగి ఉండొచ్చు. డాక్టరమ్మ ఫోన్ నంబర్ చీటీ మీదే ఉంది. కానీ ఇది డాక్టరమ్మ చెప్పే సంగతి కాదనుకుంది. మసీదులో నమాజ్ చదివించే హజ్రత్‌ను అడగాలంటే కాశింవలితో చెప్పి పంపాలి. ఈ వయసులో మొగుడితో ఆ మాటా? ఆడపిల్లల మదరసాలో పాఠాలు చెప్పే ఆలిమా ఉంది, రెండు వీధుల అవతలే. కానీ ఆ పిల్లది అఖ్సా వయసు. వీధిలో పాకీ నాపాకీ, అంటే శుద్ధి మైల సంగతులు ఎవరైనా బషీరాను అడగాలి గానీ, బషీరా పోయి ఆ పిల్లను అడగడమా? సిగ్గు సగం, పొగరు సగం. ఇఫ్ఫత్ ఇంకో నాలుగు రోజులు ఉంటుందిలే, ఆలోపు ఆగిపోతుందిలే అని తనకు తానే చెప్పుకుంది.

మరుసటి రోజు పొద్దున, రాత్రే ఊరొచ్చిన అష్ఫాక్ గేటు దగ్గర నిలబడి, "ఖాలా, అమ్మ పోయింది," అన్నాడు.

బషీరా వెంటనే ఆ ఇంటికి వెళ్ళింది. ఇఫ్ఫత్ కనురెప్పలు దించింది, గడ్డం కింద గుడ్డ కట్టింది, పాదాలు సరిచేసింది. అప్పటికి గుసుల్ మొదలు కాలేదు కాబట్టి అంతవరకు చేయొచ్చని తనకు తానే అనుమతి ఇచ్చుకుంది. పెరట్లో నీళ్ళు కాగాయి. రేగాకు వచ్చింది. బల్లను లోపలి గదిలోకి చేర్చారు. ఆడవాళ్ళందరూ ఆమె వైపు చూశారు. బషీరా గుమ్మం దాకా వచ్చి నిలబడిపోయింది.

"రా బషీరా, పొద్దెక్కతా ఉండాది," అంది ఒక పెద్దావిడ.

"నేను రాకూడదు."

"ఏమైంది?"

ఏమని చెప్పాలి? ఇన్నేళ్ళూ ఇట్లాంటి గుమ్మాల్లోనే ఇదే ప్రశ్న ఇంకొకరిని అడిగిన మనిషి. తల అడ్డంగా ఊపింది. ఆడవాళ్ళు మొహాలు చూసుకున్నారు. క్యాన్సర్ కదా, భయపడింది అని ఎవరో గొణిగారు. అది అష్ఫాక్ చెవిన పడింది. వాడు ఆమె వైపు చూసిన చూపు కంటే చెంపదెబ్బ నయం.

జనాజా లేపడం మధ్యాహ్నం నమాజ్ తర్వాత అనుకున్నారు. ఆగే వీల్లేదు. ఎవరో ఫోన్ చేస్తే దామలచెరువు నుంచి ఆటోలో ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. మంచివాళ్ళే, పని తెలిసినవాళ్ళే. కానీ ఇఫ్ఫత్‌ను ఎన్నడూ చూడనివాళ్ళు. వాళ్ళు లోపలికి పోయి తలుపు దగ్గరేశారు. బషీరా గోడకు ఆనుకుని బయట కూర్చుంది. నీళ్ళు పోసే చప్పుడు. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఒకావిడ గొంతు, పైకే వినపడింది.

"అయ్యో!"

బషీరా కొంగు నోట్లో కుక్కుకుంది. ఆమె అంతగా ఏడ్వడం ఆ వీధి ఎప్పుడూ చూడలేదు.

మరక మర్నాడే ఆగిపోయింది. సెగలు మాత్రం మళ్ళీ మొదలయ్యాయి. తల్లి వాలకం చూసి భయపడి వచ్చిన అఖ్సా ఆమెను తిరుపతికి తీసుకుపోయింది. అంతా విని డాక్టర్ రేవతి మరోసారి పరీక్ష చేసి, నిదానంగా చెప్పింది. "నేను ముందే చెప్పాను కదమ్మా, మరకలు కనపడొచ్చని. అది మందు ఒంటికి అలవాటు పడేటప్పుడు వచ్చేది. నెలసరి కాదు. నాకు ఒక్క ఫోన్ చేయాల్సింది." తిరిగొచ్చాక అఖ్సాయే ఆలిమాను ఇంటికి పిలిచింది. ఆ పిల్ల తల వంచుకునే చెప్పింది. మందుకు కనపడి ఒకటి రెండు రోజులకే ఆగిపోయిన మరక ఆ రోజుల లెక్కలోకి రాదు. వజూ చేసుకుని నమాజ్ చదువుకోవచ్చు. గుసుల్ కూడా చేయించి ఉండొచ్చు.

"మీకు తెలిసే ఉంటుందనుకున్నాం ఖాలా," అంది ఆ పిల్ల. అందులో ఎత్తిపొడుపు లేదు. అందుకే బషీరాకు ఇంకా గట్టిగా తగిలింది.

నలభై దినాల ఫాతిహాకు అష్ఫాక్ ఊరొచ్చాడు. అప్పటిదాకా ఆమెతో మాట్లాడలేదు. జనం పోయాక బషీరా వాడి ఎదురుగా కూర్చుంది. మొగుడికి కూడా చెప్పని మాట, తన చేతుల్లో పెరిగిన మగపిల్లాడికి, గోడ వైపు మొహం తిప్పుకుని చెప్పింది.

"నేను భయపడి రాకుండా ఉండలేదు బేటా. నేను మింగే మందులకు నాకు నమాజ్ లేని రోజులు వచ్చినాయనుకున్న్యా. అది కాదని తర్వాత తెలిసింది. అడగకుండా పోతిని. మీ అమ్మకు మాటిచ్చి తప్పితిని."

అష్ఫాక్‌కు కోపం ఉన్నట్టు లేదు. చిన్నప్పుడు జ్వరమొస్తే ఆమె ఒళ్ళో పడుకున్నప్పటి మొహంతో అడిగాడు.

"ఆ పొద్దు నేను పెరట్లో ఉండా ఖాలా. లోపల ఆయమ్మ అయ్యో అనింది. ఎందుకనింది? మా అమ్మకు ఏమైండె?"

కడిగిన మనిషి చూసింది బయట పెట్టకూడదు. మంచి మాటే చెప్పాలి. ఎందరి కొడుకులకో, కూతుళ్ళకో బషీరా అట్లాగే చెప్పింది. ఇప్పుడూ ఆ మాటే నోటికొచ్చింది.

"ఏం లేదు నాయనా. మీ అమ్మ ఒళ్ళు తెల్లగా, శుభ్రంగా ఉండింది. మొహం నవ్వతా ఉండింది."

అష్ఫాక్ ఆమెనే చూస్తూ, మెల్లగా అన్నాడు.

"నువ్వు లోపల లేవు కదా ఖాలా."