పాట కోరిన పేర్లు

మొన్న గోదావరిఖనిలో ఆసుపత్రి చీటీ కోసం వరుసలో నిలబడి, కౌంటరులోని అమ్మాయికి నా వయసు చెబుతుంటే, వెనకున్నామె భుజం తట్టి, "నువ్వు రేడియోల మాట్లాడేటి అక్కవు గదా, గొంతు గుర్తువట్టిన" అంది. నన్ను ముఖం చూసి పోల్చుకునేవాళ్లు ఎప్పుడూ లేరు; గొంతును మాత్రం ఈ ఊరు ఇన్నేళ్లయినా మరవలేదని ఆ రోజంతా కాస్త గర్వంగానే తిరిగాను.

మావారి ఉద్యోగం విద్యుత్ కేంద్రంలో కావడంతో కోస్తా నుంచి వచ్చి క్వార్టర్లో ఊరికే కూర్చున్న నన్ను, మా మరిది చౌరస్తాలో బట్టల దుకాణం పైన చిన్న రేడియో స్టేషను పెట్టినప్పుడు మైకు ముందు కూర్చోబెట్టాడు. గోడలకు పాత పరుపులు కొట్టి, చీరల దుకాణాల ప్రకటనల మధ్య సినిమా పాటలు వేసేవాళ్లం. మొదట్లో నా యాసకు నవ్విన ఊరే, ఆర్నెల్లు తిరిగేసరికి మధ్యాహ్నం కోరిన పాటల కార్యక్రమం నేను చదవకపోతే ఫోను చేసి అడిగేది. ప్రైవేటు రేడియోలో వార్తలు చదవకూడదని, చదివితే లైసెన్సు పోతుందని మరిది మొదటి రోజే గట్టిగా చెప్పాడు.

ఒకనాడు ఆ కార్యక్రమం మధ్యలోనే ఫోన్లు మొదలయ్యాయి. బొగ్గు బాయిలో, అంటే గనిలో, పైకప్పు కూలిందట. నిజమేనా అని అడిగేవాళ్లే తప్ప చెప్పేవాళ్లు లేరు. సెల్‌ఫోన్లు ఇంకా ఇంటింటికీ రాని రోజులవి. ఒకామె తన భర్త పేరు చెప్పి, "మొదటి షిఫ్టుకు పోయిండక్కా, జర ఏమన్న ఎర్కైతే చెప్పు" అంటూ నాలుగుసార్లు చేసింది.

మరిది తల పట్టుకున్నాడు. నాకు మాత్రం దారి కనబడింది. వార్త చదవద్దన్నారు గానీ, పాట కోరినవాళ్ల పేర్లు చదవద్దని ఎవరూ అనలేదు కదా అన్నాను. అతను స్కూటరు మీద బాయి గేటుకు పోయి, పైకి వచ్చిన ప్రతి మనిషినీ ఒక పాట అడిగి, పేరు రాసుకుని, అక్కడి ఫోను బూత్ నుంచి నాకు చెప్పసాగాడు. నేను ఒక్కో పాటా కాస్త వేసి ఆపుతూ, ఫలానా కాలనీ నుంచి ఫలానా ఆయన ఇప్పుడే డ్యూటీ దిగి ఇంటివాళ్ల కోసం కోరిన పాట అని చదువుతూ పోయాను. రెండు మూడు పేర్లకే ఊరికి సంగతి అర్థమైంది.

నాలుగుసార్లు చేసినామె భర్త పేరు మాత్రం రాలేదు. గంటకు పైగా, వేసిన పాటలే మళ్లీ వేస్తూ, గొంతు వణకకుండా చీరల ప్రకటనలు చదివాను; నా ఉద్యోగం మొత్తంలో అంత కష్టమైన పని చేయలేదు. చివరికి మరిది ఫోను చేసి, కాలు విరిగిన తోటివాణ్ణి మోసుకుంటూ ఆయన అందరికన్నా వెనక వచ్చాడని చెప్పి, రిసీవరు ఆయనకే ఇచ్చాడు. ఏ పాట వేయమంటారని అడిగాను.

"ఏదన్న ఎయ్యి అక్కా. మా ఇంట్లామెను బువ్వ వండుమను, ఆకలైతున్నది."

ఒక్క మాటా మార్చకుండా అలాగే చదివాను. తర్వాత మైకు కట్టేసి ఏడ్చాను.

ఆ రోజు ఎవరి ప్రాణమూ పోలేదు, మా లైసెన్సూ పోలేదు. స్టేషను మరికొన్నేళ్లు దర్జాగా నడిచి, జనం పాటలను ఫోన్లలోకి ఎక్కించుకున్నాక మెల్లగా మూతపడింది. ఇప్పుడు ఎవరి కబురు వాళ్ల చేతిలోకే క్షణంలో వచ్చేస్తుంది, మంచిదే, కాదనను. కానీ ఒక్క రేడియో చుట్టూ కాలనీ అంతా చేరి, పక్కింటాయన పేరు వినబడినా తన మనిషే వచ్చినట్టు తేలికపడడం ఎలా ఉండేదో, అలా కూర్చున్న మన వయసువాళ్లకు తప్ప ఇంకెవరికీ చెప్పలేకపోతున్నాను.