పాట ఎత్తిన మనిషి

చీపురుపల్లిలో రైలెక్కి నా పక్కన కూర్చున్న కుర్రాడు కంప్యూటర్‌లో పాటలు కడతాడట. ఎవరూ పట్టించుకోని రోజుల్లో రేడియోలో మాట్లాడే ఒకావిడ వారం వారం అతని పాట వేసి నిలబెట్టిందట.

"ఆవిడ నా పేరు సెప్పకపోతే నేనెవుడ్ని మామ్మా?" అన్నాడు.

కొత్త పాట వినమని నా చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించాడు. దడదడ మోత మధ్య వరినాట్లప్పుడు పాడే ఊడుపుల పాట. ఎత్తుకున్నది ఒక ముసలి గొంతు.

"ఎవుర్రా ఈవిడ?"

"మా ఊరావిడే. మడిలో పాడతంటే ఫోన్లో పట్టీసినాను."

"ఆవిడ పేరేసినావా?"

"అందరూ పాడే పాటే కదా మామ్మా, పేరెందుకు?"

నాకు ఒళ్లు మండింది. మడిలో పదిమంది వంత పాడినా పాట ఎత్తేది ఒక్కతే. ఆవిడ రాని రోజున ఊడుపు సాగదు.

"రేడియోలో నీ పేరు సెప్తే నువ్వు మనిషివైపోనావు. ఆవిడకి పేరు నేదేట్రా? సిగ్గునేదూ?" అని అరిచాను. పెట్టె పెట్టెంతా మావైపు చూసింది.

వాడు ఒళ్లో కంప్యూటర్ తెరిచి ఏదో కొట్టాడు. కొత్తవలస దాటాక తెర నావైపు తిప్పాడు. అరవై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని, కూడబలుక్కుని చదివాను. పైన పైడమ్మ, కింద వాడి పేరు.

"ఇంటిపేరేదిరా?"

వాడికి తెలియదు. ఫోన్ తీసి ఊరికి కలిపాడు.