ఆయుధపూజ నాటి వ్యాగను

నా ఉద్యోగ విరమణకు ఇంకో ఏడాది ఉందనగా, శ్రావణమాసంలో ఒక ఉదయం డివిజన్ ఆఫీసు నుంచి నాకొక పని వచ్చింది. వ్యాగను మరమ్మతు కాదు, వ్యాగను బొమ్మ చేయడం. అప్పటికి నేను కడప జిల్లాలోని ఒక యార్డులో క్యారేజ్ అండ్ వ్యాగన్ విభాగానికి సీనియర్ సెక్షన్ ఇంజనీరును. ఇంజనుతో మా విభాగానికి సంబంధం లేదు, దాని వెనక తగిలించే ప్రతి పెట్టె మాదే. మాది కోడుమూరు పక్కన పల్లెటూరు. నేను రైలింజను నడుపుతానని మా ఊళ్ళో ముప్పై ఏళ్ళ పాటు అందరూ నమ్మారు. కాదని చెప్పీ చెప్పీ విసుగొచ్చి చివరికి నేనే ఊరుకున్నాను.

మా యార్డులో ఒక మూల, వాడకం లేని పట్టాల చివర, పాతకాలపు నాలుగు చక్రాల మూత వ్యాగను ఒకటి ఉండేది. బొగ్గింజన్ల రోజుల్లో బియ్యం, పసుపు, ఎరువులు మోసిన బండి. దాన్ని మేము సామాన్ల గదిగా వాడుకునేవాళ్ళం. జాకీలు, స్ప్రింగులు, నూనె డబ్బాలు అన్నీ అందులోనే. ఎండాకాలం మధ్యాహ్నం అన్నం తినేది దాని నీడలోనే. నేను శిక్షణలో ఉన్నప్పుడు ఇలాంటివి గూడ్సు బండ్లలో బారులు బారులుగా వచ్చేవి. ఇప్పుడు మా వైపు ఇదొక్కటే మిగిలింది. దాన్ని తుక్కు కింద కోసేయమని ఆర్డరు రావడంతో నేను కాగితాలు పెట్టి పోరాడాను. చివరికి వాళ్ళు ఒక షరతు పెట్టారు. ఆ వ్యాగను బొగ్గింజన్ల కాలంలో ఎలా ఉండేదో అచ్చం అలాగే నమూనా చేసి చూపాలి. చూడటానికి వచ్చే పెద్దమనిషి ఒప్పుకుంటే అసలు బండిని బాగుచేయించి స్టేషను ముందు నిలబెడతారు. ఒప్పుకోకపోతే గ్యాస్ కట్టరు.

ఆ పెద్దమనిషి రిటైరైన చీఫ్ ఇంజనీరు. జేబులో ఎప్పుడూ భూతద్దం ఉంటుందని మేము ఆయన్ను భూతద్దం సార్ అని పిలిచేవాళ్ళం, ఆయన ముందు కాదు లెండి. అంతకుముందు వేరే యార్డువాళ్ళు పాత క్రేను ఒకదాన్ని కాపాడుకుందామని నమూనా చేసి చూపితే, బ్రేకు లివరు అవతలి పక్క ఉండాలని ఒక్క మాట చెప్పి వెళ్ళిపోయారట. ఆ క్రేను ఇప్పుడు లేదు.

పని మొదలుపెట్టాం. అసలుకు పదో వంతు. అడుగుభాగం టేకు చెక్క, పైన రేకు. వ్యాగను ఒంటినిండా ఉండే రివెట్ల కోసం రేకును తిరగేసి, మొండి పంచితో వెనక నుంచి ఒక్కొక్కటే కొట్టాం. గట్టిగా కొడితే బొక్క పడుతుంది, మెల్లగా కొడితే రివెట్టే కనబడదు. పాడుచేసిన రేకులన్నీ కలిపితే ఇంకో వ్యాగను అయ్యేది.

కానీ ఈ విద్యలో ఒంటికన్నా కష్టమైంది రాత. గూడ్సు వ్యాగను పక్కన రాసుండే అక్షరాలు చదవడం వచ్చినవాడికి ఆ బండి జాతకమంతా అక్కడే ఉంటుంది. ఏ రైల్వేది, దాని నంబరు, ఖాళీగా ఎంత బరువు, ఎంత మోయగలదు, ఏ వర్క్‌షాపులో చివరిసారి పూర్తిగా విప్పి బాగుచేశారు. వీటన్నిటికన్నా ముఖ్యమైంది రిటర్న్ తేదీ. అంటే ఆ నెల లోపల ఆ వ్యాగను తన సొంత వర్క్‌షాపుకు తిరిగి చేరాలి. తేదీ దగ్గరపడితే వర్క్‌షాపు వైపు వెళ్ళే సరుకే ఎక్కించాలి. తేదీ దాటితే అసలు ఎక్కించకూడదు. అప్పుడు బండ్లను తనిఖీ చేసే మా ఎగ్జామినరు, జబ్బుపడిందన్నట్టు సిక్ అని సుద్దతో రాసి, సిక్ లేబుల్ పెట్టి, పక్క పట్టాల మీదికి తోయిస్తాడు. సిక్ మార్కు పడిన బండిని, ఎగ్జామినరు ఫిట్ అని రాసిచ్చేదాకా స్టేషను మాస్టరైనా కదిలించలేడు. మనిషికి లేని మర్యాద వ్యాగనుకుంది.

అందుకని నేను మా వాళ్ళకు మొదటిరోజే ఒక మాట చెప్పాను. వ్యాగను నమూనా అంటే వ్యాగనులన్నిటి నమూనా కాదు, ఒక్క బండి, ఒక్క రోజు. రంగు, దుమ్ము, తేదీ, సరుకు చీటీ అన్నీ ఆ ఒక్క రోజుకు కుదరాలి. వర్క్‌షాపు నుంచి నిన్ననే వచ్చిన తేదీ రాసి ఒంటికి తుప్పు పూస్తే అది అబద్ధం. ఎవరైనా కొత్త సంగతి తెస్తే నా ప్రశ్న ఒకటే: ఇది ఏ రోజు బండి? ఈ ప్రశ్న అడిగి అడిగి వాళ్ళ ప్రాణం తీశాను.

అసలు వ్యాగను మీద రంగు పొరలు ఒక్కొక్కటే గీకి చూశాం. అడుగున బొగ్గింజన్ల నాటి రాత దొరికింది. రిటర్న్ తేదీలో ఆగస్టు నెల స్పష్టంగా కనబడింది. దొరికిన తేదీని మార్చే హక్కు మాకు లేదు. కాబట్టి మా బండి రోజును జూలైలో పెట్టుకున్నాం. పసుపు బస్తాలతో వర్క్‌షాపు వైపు పోతున్నట్టు, తలుపు పక్కన క్లిప్పులో గోరంత సరుకు చీటీ కూడా తగిలించాం.

ఆ రాతలన్నీ రాసినవాడు పెయింటరు మస్తాను. అసలు వ్యాగనుకు ఇత్తడి రేకు స్టెన్సిల్ ఉంటుంది. దీనికి ఉత్త చెయ్యే. ఊపిరి బిగబట్టి ఒక అక్షరం రాసేవాడు, బయటికి పోయి బీడీ తాగి వచ్చి ఇంకోటి రాసేవాడు. రంగు మెరవకూడదని రెడ్ ఆక్సైడ్‌లో నూనె తగ్గించి కలిపాడు. దాని మీద యార్డు దుమ్మునే జల్లెడ పట్టి అద్దాడు. రేకులు సాపు చేయడం, రివెట్లు కొట్టడంలో సగం పని లక్ష్మక్కది. లక్ష్మక్క యార్డులోని మా మరమ్మతు డిపోలో ఖలాసీ, అన్ని పనుల్లో చెయ్యి సాయం. సామాన్ల వ్యాగను తాళంచెవి ఆమె కొంగునే ఉండేది. ఆ బండిని కోసేస్తారని తెలిసిన రోజు ఆమె మధ్యాహ్నం అన్నం విప్పలేదు.

నమూనా పూర్తయింది. భూతద్దం సార్ దసరా మరునాడు ఒంటిమిట్ట దర్శనం చేసుకొని వస్తారని కబురు వచ్చింది. నాకు ధైర్యంగానే ఉంది. పాడుకాకుండా దాన్ని ఆ పాత వ్యాగనులోనే పెట్టి తాళం వేయించాను.

దసరాకు ముందురోజు ఆయుధపూజ. ఆ రోజు రైల్వేలో పనిముట్టన్నదానికి బొట్టు పడాల్సిందే. సుత్తి, జాకీ, వెల్డింగ్ సెట్టు, చివరికి హాజరు పట్టీ పెట్టుకునే బీరువా కూడా తప్పించుకోలేదు. నేను ఇంట్లో పూజ చూసుకొని డిపోకు వచ్చేసరికి అంతా ముగిసి గుగ్గిళ్ళు పంచుతున్నారు. ఒక గుప్పెడు నోట్లో వేసుకొని, నమూనాను ఒకసారి చూద్దామని వ్యాగను ఎక్కాను.

నోట్లో గుగ్గిళ్ళు నోట్లోనే ఉండిపోయాయి. నమూనా రెండు తలుపుల మీదా మూడేసి గంధం గీతలు, నడుమ ఎర్రటి కుంకుమ బొట్టు. పెట్టెలు ఢీకొన్నప్పుడు అదురు కాచే బఫర్ల మీద పసుపు. చక్రాల కింద ఏదో నలిగి ఉంది. వంగి చూస్తే శనగలు. బండి చక్రాల కింద నిమ్మకాయ తొక్కించడం మామూలు. దీని చక్రాల కింద నిమ్మకాయ పట్టదు కదా, అందుకని గుగ్గిళ్ళలోంచి రెండు శనగలు తీసి పెట్టి, వాటి మీద నడిపించారు.

నా నోరు మంచిది కాదని డిపోలో అందరికీ తెలుసు. ఆ రోజు ఇంకోసారి తెలిసింది. రెండు నెలల కష్టం మంటగలిపారని కేకలేశాను. బొట్టు పెట్టింది లక్ష్మక్క. నేను అరవడం ఆపేదాకా నిలబడి, నెమ్మదిగా చెప్పింది.

"డిపోలో అన్నిటికీ పెట్టినాం సారూ. ఇంత పనిజేసినాం, దీనికొక్కదానికి బొట్టు లేకుంటే ఎట్లా? పెద్ద బండికి అరచెయ్యంత పెడతాం కదా, దీనికి చిటికెనేలంత చాలనుకున్యా."

మస్తాను తడిగుడ్డతో బఫరు మీద పసుపును కొంచెం తుడిచి చూశాడు. పసుపు ఒక్కటే పోలేదు, దాని కింద అద్దిన దుమ్మూ కొంచెం రంగూ కూడా గుడ్డకు వచ్చేశాయి. నూనె తక్కువ రంగు కాబట్టి కుంకుమ నీళ్ళు లోపలికి ఇంకిపోయాయి. కడిగితే రంగు పోతుంది, కొత్తగా పూస్తే ఎల్లుండికి ఆరదు, ఆరినా పక్క పలకలతో కలవదు. ఈ మాటలు చెప్పి వాడు గుడ్డను కింద పడేశాడు. లక్ష్మక్క ముఖం చూస్తే నాకు ఇంక తిట్టబుద్ధి కాలేదు. కోసేస్తారంటే అన్నం మానుకున్న మనిషి ఆమె. ఆ బండి ఆమె చేతి మీదుగానే పోతుందని అప్పటికే నా కేకల్లో అనేశాను, ఆ మాట ఆమె విన్నది.

నూనె డబ్బా మీద కూలబడి, అలవాటు కొద్దీ నాలో నేను అనుకున్నట్టుగా పైకే అన్నాను, ఇప్పుడిది ఏ రోజు బండి అని చెప్పుకోవాలి?

"ఈ పొద్దుటిదే కద సారూ," అంది లక్ష్మక్క. "ఆయుధపూజ నాటిది."

ఆమె నాకు జవాబు చెప్పింది, అంతే. నేను మాత్రం డబ్బా మీంచి లేచాను. జూలై బండి మీద ఆయుధపూజ బొట్టు ఉంటే అబద్ధం. అదే అక్టోబరు బండి అయితే? అక్టోబరు అయితే ఆగస్టు రిటర్న్ తేదీ దాటిపోయింది. దాటితే సరుకు ఉండదు. ఎగ్జామినరు సిక్ రాసి పక్క పట్టాల మీద పెట్టించి ఉంటాడు. అసలు ఆయుధపూజకు బొట్టు పడేది కూడా అలా నిలబడిపోయిన బండికే. నడిచే గూడ్సుకు ఎవరు ఆపి బొట్టు పెడతారు? మా యార్డులోనే నేను చేరిన కొత్తలో, పూజకు దొరికినవి సిక్ లైను వ్యాగన్లే.

మస్తానుకు చెప్పగానే వాడికి బీడీ కూడా గుర్తురాలేదు. పసుపు సరుకు చీటీ తీసేశాం. క్లిప్పులో సిక్ లేబుల్ పెట్టాం. వాడు సుద్దను సూదిగా చెక్కి, ఎగ్జామినరు తొందరలో గీసినట్టు వంకరగా సిక్ అని, కింద వర్క్‌షాపుకు అని రాశాడు. అన్నాళ్ళూ చక్కగా రాయడానికి ఊపిరి బిగబట్టిన చేతికి వంకరగా రాయడం ఇంకా కష్టమైందట. తుడిచిన బఫరు మీద మళ్ళీ దుమ్ము అద్ది, లక్ష్మక్క చేతే మళ్ళీ పసుపు పెట్టించాం. ఆమె మొదట చెయ్యి చాపలేదు. నేను బతిమాలాల్సి వచ్చింది.

చెప్పిన రోజుకు భూతద్దం సార్ వచ్చారు. ప్రసాదం అందరికీ పంచి, కుర్చీ వద్దని, నమూనా ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు. రివెట్ల వరసలు చూశారు. నంబరు పైన ఒకసారి, అడుగు చట్రం మీద ఒకసారి చదివి పోల్చుకున్నారు. బొట్టు దగ్గర భూతద్దం ఆగింది. రిటర్న్ తేదీ దగ్గరికి వచ్చి, ఇది ఏ నెల బండి అని అడిగారు. అక్టోబరని చెప్పాను. తేదీ దాటిందన్నారు. దాటిందన్నాను. భూతద్దం పక్కకు జరిగి సుద్ద రాతను చూసింది, తర్వాత సిక్ లేబుల్‌ను, తర్వాత సరుకు చీటీ లేని తలుపును, మళ్ళీ వెనక్కి బొట్టు దగ్గరికి వచ్చింది. నా వెనక లక్ష్మక్క ఊపిరి నాకు వినబడుతోంది.

ఇది ముందే అనుకొని చేశారా అని అడిగారు. అబద్ధం చెప్పే వయసు దాటిపోయింది. జరిగింది జరిగినట్టు చెప్పాను, నా కేకలతో సహా. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"ఎలా వచ్చిందన్నది నాకు అనవసరం. కుదిరిందా లేదా, అంతే. కుదిరింది."

తర్వాత ఇంకా కిందికి వంగి, చక్రాల కింద ఏమిటని అడిగారు. నిమ్మకాయ అంది లక్ష్మక్క. ఆయన శనగను భూతద్దంతో చాలాసేపు చూశారు. స్కేలు ప్రకారం ఈ నిమ్మకాయ గుమ్మడికాయంత ఉందని, కందిగింజ పెట్టమని చెప్పి లేచారు. ఆయన రిపోర్టులో రాసిన లోపం అదొక్కటే. లక్ష్మక్క ఆ సాయంత్రమే కందిగింజలు తెచ్చి పెట్టింది. మస్తాను ముందు తాను నవ్వి, తర్వాత ఆమెనూ నవ్వించాడు. నాకు మాత్రం కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది, దుమ్ము అని చెప్పాను.

ఈ పని నాకు నేర్పింది ఇది. బండి మీద గుర్తులు రెండు రకాలు. ఆఫీసు రాయించేవి, మనుషులు పెట్టేవి. నమూనా చేసేవాడు మొదటి రకానికే డ్రాయింగులు వెతుకుతాడు, రెండో రకానికి డ్రాయింగు ఉండదు. రెండూ ఒకే రోజు మీద కలిస్తేనే ఆ బండి నిజమైనది.

అసలు వ్యాగను ఇప్పుడు స్టేషను ముందు, అదే రెడ్ ఆక్సైడ్‌తో, అదే ఆగస్టు తేదీతో నిలబడి ఉంది. దాని మీద మస్తాను వంకరగా రాసిన సిక్ మార్కు కూడా ఉంది. బాగుచేసిన బండికి సిక్ ఎందుకని కొత్తగా వచ్చిన ఇంజనీర్లు అడుగుతుంటారు. ఎగ్జామినరు ఫిట్ అని రాసిచ్చేదాకా దాన్ని ఎవరూ కదిలించకూడదు. ఆ బండికి ఎగ్జామినరును నేనే. ఫిట్ రాయకుండానే రిటైరయ్యాను.