కొంగు కప్పిన చాట

పొద్దున్నే ఫోన్‌లో ఒక ఫొటో చూసి ఒళ్లు మండింది. ఒక్క బియ్యం సంచిని ఐదుగురు పట్టుకుని నవ్వుతున్నారు. తీసుకుంటున్నామె తల దించుకుని ఉంది.

ఆళ్లగడ్డలో మా వీధిలో పెరిగినవాళ్లారా, మా అవ్వ పెట్టిన జొన్నల బాన గుర్తుందా? యాభైల్లో వానలు ఎగ్గొట్టిన ఏడాది అది. ఉన్నవాళ్లు జొన్నలు తెచ్చి అందులో పోసేవారు, లేనివాళ్లు తీసుకెళ్లేవారు. ఎవరైనా సరే, వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ చాట మీద కొంగు కప్పుకోవాల్సిందే. బాన లోపలి గదిలో, మట్టివాసనలో ఉండేది. అవ్వ ఆ గదికి వీపు పెట్టి అరుగు మీద కూర్చునేది. తను చూసేది కాదు, మమ్మల్ని చూడనిచ్చేది కాదు.

ఒకరోజు ఊళ్లో పెద్ద రైతు వచ్చాడు.

"రెండు మూటలు నేనిస్తా అవ్వా. తీసుకునేటోళ్లు మా కల్లంలోకొచ్చి నిలబడాల. ఎవరు తింటాండారో నాకు తెలియాల గదా!"

అవ్వ జొన్నల్లో రాళ్లు ఏరడం ఆపలేదు.

"నీ మూటలు నీ ఇంట్లోనే ఉండనీప్పా. మా ఈదిలో ఆకలైనోళ్లు ఉండారు గానీ, నీ ముందర నిలబడేటోళ్లు లేరు."

ఆ తర్వాత అందరిళ్లలో సంగటి ముద్దలు చిన్నవయ్యాయి, మా ఇంట్లోనూ. అయినా ఒక్కరూ ఆ కల్లం తొక్కలేదు.

మరుసటి ఏడూ వానల్లేవు. ఒక మధ్యాహ్నం ఆ రైతు భార్యే మా గడప ఎక్కింది, చాట మీద కొంగు కప్పుకుని. నేను తొంగిచూడబోతే అవ్వ నా తల పట్టుకుని వీధివైపు తిప్పేసింది.

ఆమె పోసి వెళ్లిందో, తీసుకుని వెళ్లిందో నాకిప్పటికీ తెలియదు. తెలియకూడదు కూడా.