కాక చూడని మలుపు

మా పక్కింటి పాల కాక పోయాడు. పోయిన గురువారం పొద్దున నేను ఆఫీసులో కంప్యూటర్ ఇంకా తెరవనేలేదు, కాక కోడలు ఫోన్ చేసింది. ఆస్పత్రి నుంచి ఇంటికి తెస్తున్నారని మాత్రం చెప్పి పెట్టేసింది. నేను బ్యాగు తీసుకుని లేచాను.

ఉప్పుగూడలో మా ఇంటికీ కాక ఇంటికీ మధ్య ఒకటే గోడ. గోడకు అవతల వాళ్ల బర్రెలు, ఇవతల మా వంటిల్లు. మొఘల్‌పురాలోనో హుస్సేనీ ఆలంలోనో ఒకప్పుడు సైకిల్ మీద వచ్చే పాలు పోయించుకున్నవాళ్లు ఈ నాలుగు ముక్కలు చదివితే ఆయన్ని గుర్తుపడతారు. చెవులకు మఫ్లరు, సైకిల్‌కు రెండు వైపులా క్యాన్లు, గల్లీ మొదట్లో "దూద్" అని ఒక్క కేక. వాన పడినా, ఊళ్లో లొల్లి అయినా ఆయన పాలు ఆగలేదని మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది. కానీ నేను రాయాలనుకున్నది ఆ కాక గురించి కాదు. పాల పని కొడుక్కి అప్పజెప్పి, క్యాన్లు ఊడదీసి, అదే సైకిల్ మీద గుట్టల వెంట తిరిగిన కాక గురించి.

ఇన్నేళ్లు తొక్కింది చాలలేదా అని ఒకసారి అడిగాను. కాక నా వంక జాలిగా చూశాడు.

"ఇన్నేండ్లు తెల్సిన తొవ్వనే తొక్కిన బిడ్డా. ఏ గల్లి వెనక ఏ గల్లి వస్తదో కండ్లు మూసుకొని చెప్త. గిప్పుడు నాకు తెల్వని తొవ్వ కావాలె."

అప్పట్లో నాకు షుగర్ వచ్చింది. డాక్టర్ కదలమంటే ఉత్సాహపడి సైకిల్ కొన్నాను. ఫలక్‌నుమా దాకా వెళ్లి వచ్చేసరికి ప్రాణం అరచేతిలోకి వచ్చింది. ముందు బస్సు, వెనక ఆటో, పక్కన బుల్లెట్. సైకిల్ మెట్ల కింద చేరింది, దాని మీద మా వాళ్లు తువ్వాళ్లు ఆరేయడం మొదలుపెట్టారు. అది చూసి కాక ఓర్చుకోలేకపోయాడు. మోటర్లు రాని తొవ్వ చూపిస్తాను, ఆదివారం తయారుగా ఉండమన్నాడు.

ఆదివారాలు కాక అల్లుడు బర్రెలకు పచ్చగడ్డి కోసం ట్రాలీ ఆటో వేసుకుని ఊరవతలికి వెళ్తాడు. పోయేటప్పుడు బండి ఖాళీ. అందులో మా రెండు సైకిళ్లు, వాటిని పట్టుకుని మేమిద్దరం. రింగురోడ్డు దాటి, తారు రోడ్డు వదిలి, గుట్టలు మొదలయ్యే చోట మమ్మల్ని దించేవాడు. అతను గడ్డి కోయించి బండికి ఎక్కించేలోగా మా షికారు ముగించుకుని రావాలి. తిరుగు ప్రయాణంలో గడ్డి మోపుల మీద సైకిళ్లు, సైకిళ్ల పక్కన మేము. సోమవారం ఆఫీసులో నా దగ్గర పచ్చి గడ్డి వాసన వస్తుందేమోనని నాకు ఒకటే బెంగ.

అది ఎర్ర మొరం, అంటే గరుకు రాతిమట్టి, పోసిన బాట. ఎప్పుడో పోశారు, తర్వాత ఎవరూ పట్టించుకోలేదు. వాగు మీద కల్వర్టు ఒకవైపు కుంగిపోయింది కాబట్టి కార్లు రావు, రాళ్లు తేలాయి కాబట్టి బైకుల వాళ్లూ ఇష్టపడరు. రెండు వైపులా బండల గుట్టలు, వాటి నడుమ సీతాఫలం పొదలు, తంగేడు. చక్రాల కింద మొరం కరకరలాడే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. పాతబస్తీలో పుట్టి పెరిగినదాన్ని, మొదటి రోజు నా చెవులకేమైనా అయిందేమో అనుకున్నాను. ఆ రోజు తొక్కిన తొక్కుడుకు మర్నాడు మెట్లు దిగలేకపోయినా, మళ్లీ ఆదివారం ఎప్పుడా అని ఎదురుచూశాను. ఆ ఎదురుచూపు కాక నాకిచ్చినదే.

ఆయన దారి అడిగే తీరు వేరు. గొర్ల కాపరి కనిపించినా, పత్తి ఏరే ఆడవాళ్లు కనిపించినా ఒకటే ప్రశ్న, ఈ తొవ్వలో ఎడ్లబండి పోతదా అని. ఎంత దూరం, ఏ ఊరు వస్తుంది అన్న ఊసే ఉండదు. బండ్లు నడిచిన బాట గుట్టను చుట్టుకుని పోతుంది గానీ దాని నెత్తికెక్కదని, ఎద్దు ఎక్కే ఎత్తు ముసలోడు కూడా ఎక్కుతాడని ఆయన లెక్క. ఇప్పుడు బండ్లెక్కడివి బాపూ, అన్నీ ట్రాక్టర్లేనని వాళ్లు నవ్వేవారు. మీ తాత ఉన్నప్పుడు పోయేదా అని కాక పట్టు వదలడు. అప్పుడు వాళ్లు ఆలోచనలో పడి, పని ఆపి, మా పక్కన కూర్చునేవారు. అయితే గుట్ట అవతల ఏముందో వాళ్లు చెప్పబోతే మాత్రం కాక చెయ్యి అడ్డం పెట్టేవాడు. అవతలిది తానే వెళ్లి చూసుకుంటానని బతిమాలేవాడు. నేను ఫోన్‌లో మ్యాప్ తీస్తే మొహం పక్కకు తిప్పుకునేవాడు. ఆ మ్యాప్‌లో మా బాట లేదని తెలిసిన రోజు మాత్రం ఇంటికి వచ్చేదాకా ఈల వేశాడు.

బర్రెల విషయంలో తనకు ఎదురులేదని కాకకు గట్టి నమ్మకం. ఒకసారి బాట చీలిన చోట బర్రెల డెక్కల గుర్తులు చూసి, బర్రె నీళ్లకు తప్ప ఎక్కడికీ పోదు, అవతల చెరువుంటుంది పద అన్నాడు. ఒక గుట్ట చుట్టూ తిరిగి వెళ్లాం. చెరువు లేదు. పెద్ద బురద గుంట, అందులో ముక్కులు మాత్రం బయటపెట్టి పడుకున్న బర్రెలు. కాక సైకిల్ ముందు చక్రం సగం దాకా దిగబడింది. ఒళ్లంతా బురదతో వచ్చిన మమ్మల్ని చూసి అల్లుడు గడ్డి మీద కూర్చోనివ్వలేదు, బర్రెలు తినే గడ్డి అన్నాడు. బురద కూడా బర్రెలదే కదా అని కాక వాదించాడు గానీ మేము నిలబడే ఇల్లు చేరాం.

ఆ బాటలోనే ఒక గుట్ట ఉండేది. మొరం దాని పక్క నుంచి పైకి ఎక్కి, ఒక పెద్ద బండ వెనక్కి తిరిగి, కనిపించకుండా పోయేది. ఆ బండ దాకా మేము ఎన్నడూ వెళ్లలేకపోయాం. ఒకసారి టైరు పంక్చర్ అయింది, ఒకసారి వాన ముంచుకొచ్చింది, ఒకసారి గడ్డి తొందరగా దొరికిందని అల్లుడు ఫోన్ మీద ఫోన్ చేశాడు. ఆ బాట గుట్టల అవతల ఉన్న పెద్ద చెరువు కట్టకు కలిస్తే తారు రోడ్డు ముఖం చూడకుండా గుట్టలన్నీ చుట్టి రావచ్చు. కలుస్తుందా, మధ్యలోనే ఆగిపోతుందా? తిరిగొచ్చేటప్పుడు గడ్డి మీద వెల్లకిలా పడుకుని కాక దాని గురించే మాట్లాడేవాడు. ఆ మలుపు చూడాలన్నది తప్ప ఆయనకు ఇంకో కోరిక ఉన్నట్టు నాకు ఎప్పుడూ కనిపించలేదు.

ఈ వానాకాలం ఆయన గుండె మొరాయించింది. సైకిల్ ముట్టుకోవద్దని డాక్టర్ గట్టిగా చెప్పాడు. కొన్నాళ్లు గోడ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఒక శనివారం నన్ను పిలిచి, అల్లుడితో వెళ్లి ఆ మలుపు చూసి రమ్మన్నాడు. వెళ్లాను, చూశాను. బట్టలు కూడా మార్చుకోకుండా గోడ దగ్గరికి పరుగెత్తాను. నేను నోరు తెరవగానే కాక చెయ్యి అడ్డం పెట్టాడు.

"చెప్పకు. పోయేటట్టున్నదా లేదా, గంతే చెప్పు."

పోయేటట్టే ఉందన్నాను. చలికాలం వచ్చేసరికి దమ్ము కుదురుతుందని, తానే పోయి చూస్తానని అన్నాడు. ఆఫీసులో ఎవరికి బదిలీ అయినా సాయంత్రానికి అందరికీ చేరవేసే మనిషిని నేను. అలాంటిదాన్ని ఆ ఒక్క సంగతీ కడుపులో దాచుకున్నాను. పొద్దున్నే గోడ మీదుగా కాక నా మొహం చూసి, ఆ సంగతి ఇంకా నా దగ్గరే భద్రంగా ఉందని తృప్తిపడేవాడు.

కాక పోవడానికి రెండు రోజుల ముందు ఆస్పత్రికి వెళ్లాను. మధ్యాహ్నం, చూడనిచ్చే వేళ. కాక భార్య, మా చిన్నమ్మ, మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది. కాక బాగా చిక్కిపోయాడు, చేతికి సెలైన్ గొట్టం. బర్రె ఈనిందా అని అడిగాడు, ఈనిందన్నాను. కాసేపు పైకప్పు వైపు చూశాడు.

"ఇగ చెప్పు బిడ్డా," అన్నాడు.

ఏం చెప్పాలి కాకా అని అడగబోయి ఆగిపోయాను. అర్థమైంది. నాకు దుఃఖం పొంగుకొచ్చింది. చిన్నమ్మకు తొవ్వ సంగతి తెలియదు గానీ మా ఇద్దరి మొహాలు చూసి ఆమె కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆటో దిగిన చోటి నుంచి మొదలుపెట్టాను. కుంగిన కల్వర్టు దాటించాను. పత్తి చేను, దాని గట్టు మీద కొత్తగా పూసిన తంగేడు, ఏదీ వదల్లేదు. మామూలుగా నేను గడగడా మాట్లాడతాను, ఆ రోజు ఒక్కో మాటా కూడగట్టుకుని చెప్పాను. గుట్ట ఎక్కే దగ్గరికి వచ్చేసరికి కాక ఎగశ్వాస తీశాడు.

"జర ఆగు. దమ్ము తీసుకుందం."

ఆగాను. ఆయన తల ఊపాకే మళ్లీ కదిలాను. పెద్ద బండ వచ్చింది, దాని వెనక్కి తిరిగాం.

"చెరువు కనవడలేదు కాకా. తొవ్వ రెండయింది."

"రెండా?"

ఆ ఒక్క మాటలో ఇన్నాళ్ల నీరసం ఎటు పోయిందో తెలియదు. కళ్లు పెద్దవి చేసుకుని నా వైపు తిరిగాడు. కుడి దిక్కుది వెడల్పుగా ఉంది, ఎడమది సన్నగా చెట్ల కిందికి దిగింది, పొద్దెక్కిందని నేను అక్కడి నుంచే వెనక్కి వచ్చానని చెప్పాను.

"ఏ దిక్కు పోదాం కాకా?"

కాక కళ్లు మూసుకున్నాడు. నిద్రపోయాడేమో అనుకున్నాను. కాసేపటికి గొట్టం ఉన్న చెయ్యి దుప్పటి మీద నుంచి మెల్లగా లేచింది. సైకిల్ తొక్కేవాళ్లు తిరగబోయే ముందు వెనక వచ్చేవాళ్లకు చూపిస్తారే, అలా అరచెయ్యి తెరుచుకుని ఎడమ వైపు చాచుకుంది. గొట్టం గుంజుకుపోకుండా చిన్నమ్మ లేచి దాన్ని వదులు చేసి పట్టుకుంది.