వద్దనలేదు కదా మేడం

కోర్టు నుంచి ఇంటికి వెళ్తూ బెంజి సర్కిల్ దగ్గర చెరకు రసం బండి పక్కన ఆగితే చాలు, ఆ పచ్చి పిప్పి వాసనకి నాకు రత్నకుమారి మేడం గుర్తొస్తారు. విజయవాడలో మా లా కాలేజీలో ఆవిడ పేటెంట్ చట్టం చెప్పేవారు. పరిశోధన మాత్రం ఎక్కువగా వ్యక్తిగత సమాచార గోప్యత మీద. ఒకటి లోకానికి విప్పి చెప్పమంటుంది, ఇంకోటి దాచుకోమంటుంది, ఈ రెండూ ఎలా పొసిగాయి మేడం అని ఆటపట్టించేవాళ్ళం. "ఎప్పుడు చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో ఆ మనిషే తేల్చుకోవాలి. రెండిటి గొడవా అదేనర్రా" అనేవారు. నేను శ్రద్ధగా నోట్సు రాసుకున్నాను, బుర్రకి మాత్రం ఎక్కించుకోలేదు.

ఉయ్యూరు దగ్గర మా ఊళ్ళో మరియమ్మ గారు చెరకు తోటల్లో కూలికి వెళ్ళేవారు. చెరకు పడిపోకుండా ఎండాకులతో జడ చుట్టేటప్పుడు ఆకు అంచులు చేతుల్ని కోసేస్తాయి. చెయ్యి తగలకుండా ఆకుని మెలిపెట్టే ఇనప పనిముట్టు ఒకటి ఆవిడే ఆలోచించి, వెల్డింగ్ షాపులో చేయించుకుని, పెరట్లో పరీక్షించుకుంటున్నారు. పేటెంట్ కోసం నేనే ఆవిడని మేడం దగ్గరికి తీసుకెళ్ళాను. మరియమ్మ గారు అడిగింది ఒక్కటే.

"కాగితంలో నా పేరే ఉంటదా మేడం గారూ? ఆ షాపాయన పేరు ఎక్కించరు గదా?"

"మీ పేరేనండీ. దరఖాస్తు వేసేదాకా ఎవరికీ చూపించకండి."

చూపించింది నేను. ఆవిడ పనిముట్టు తిప్పుతుంటే, మచ్చలు పడ్డ ఆ చేతులతో సహా వీడియో తీసి, గొప్పకి పోయి నెట్‌లో పెట్టాను. మర్నాటికల్లా అది ఊరూరా తిరిగింది. మేడం నన్ను తన గదికి పిలిచారు. గొంతు పెంచలేదు.

"ఆవిడని అడిగావా?"

"తీస్తుంటే వద్దనలేదు కదా మేడం."

"వద్దనకపోతే ఒప్పుకున్నట్టేనా?"

నలుగురికీ తెలిసిపోయినదానికి పేటెంట్ రాదు. అయితే కనిపెట్టినవాళ్ళ అనుమతి లేకుండా వేరేవాళ్ళు బయటపెడితే, ఆ సంగతి తెలియగానే దరఖాస్తు వేసుకున్నవాళ్ళకి చట్టం ఒక దారి ఉంచింది. అంటే ఆవిడ హక్కు నిలవాలంటే, అడగకుండా పెట్టానని నేను రాసివ్వాలి. అప్పటికి నేను లాయరుగా నమోదు కాబోతున్నాను, అలా రాసిస్తే దానికి అడ్డొస్తుందేమోనని భయం. ఆవిడ ఒప్పుకున్నారని ఒక్క ముక్క అంటే నేను తప్పించుకోవచ్చు కదా అనిపించింది. అలా అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

నెట్‌లోంచి వీడియో తీసేసి, మేడంతో కలిసి ఉయ్యూరు బస్సెక్కాను. జరిగిందంతా నా నోటితోనే మరియమ్మ గారికి చెప్పించారు. ఆవిడ చేతులు కొంగులోకి లాక్కున్నారు.

"పేరు సంగతి సరేనమ్మా. నా చేతులు మా అమ్మాయి అత్తగారింట్లో అందరూ చూశారంట."

మేడం నన్ను వెనకేసుకు రాలేదు. సంచిలోంచి కాగితం తీసి నా ముందు పెట్టారు. "మరియమ్మ గారిని అడగకుండా" అని మొదలుపెట్టి రాశాను.

పేటెంట్ ఆవిడ పేరు మీదే వచ్చింది. ఆ తర్వాత ఎందరికో అఫిడవిట్లు రాశాను గానీ, మొట్టమొదటిది నా మీద నేను రాసుకున్నదే. దాని నకలు నా బల్ల సొరుగులో ఉంది. ఆవిడ హక్కు నిలబెట్టే దారి మేడంకి తెలుసు. ఆ చేతుల్ని చూసేసినవాళ్ళని చూడనివాళ్ళుగా చేసే చట్టం మాత్రం మేడం దగ్గర కూడా లేదు.