చిన్నాయనకు కుట్టిన పిలుపు

మొన్న తిరుపతి నుంచి తిరుచానూరు పోయే దారిలో, ఏదో వస్తుప్రదర్శన కోసం ఖాళీ స్థలంలో గుడారం ఎత్తుతుంటే ఆటో ఆపించి కాసేపు నిలబడ్డాను. ప్రభుత్వ కట్టడాలకు నక్షాలు గీసి, కొలతలు సరిచూసి పదవీ విరమణ చేసినదాన్ని కనుక నా చూపు ముందుగా మేకుల మీదికీ, తాళ్ల వాలు మీదికీ పోయింది. ఒక పక్క తాళ్లు బిగువుగా, మరో పక్క వదులుగా ఉండటం వల్ల గుడారం కొన పక్కకు ఒరుగుతోందని అక్కడి మేస్త్రీకి చెబుదామని నోరు తెరిచేలోగా ముక్కుకు రంపపు పొట్టు వాసన తగిలింది, చెప్పదలచిన మాట కాస్తా మరచిపోయాను. ఆ వాసన నన్ను నేరుగా చిత్తూరులో, నా చిన్నతనంలో, మేమంతా కలిసి సర్కస్ చూసిన సాయంత్రానికి తీసుకుపోయింది.

సర్కస్ వచ్చిందంటే ఎట్లా ఉండేదో మన తరం వాళ్లకు వర్ణించి చెప్పనక్కరలేదు. రిక్షాలో మైకు కట్టుకుని వీధివీధినా అరిచే మనిషి, చీకటి పడగానే ఆకాశంలో గిర్రున తిరిగే పెద్ద లైటు, ఆ వెలుగు మా మిద్దె మీదుగా పోయినప్పుడల్లా మేము వేసే కేకలు, ఇవన్నీ సర్కస్‌లో భాగమే. మా ఇంట్లో మాత్రం దానికి ఇంకొక భాగం ఉండేది. ఐరాలలో సేద్యం చేసుకునే మా చిన్నాయన, చిన్నమ్మనూ పిల్లలనూ వెంటబెట్టుకుని బస్సెక్కి వచ్చేవారు. గ్యాలరీ చెక్కల మీద రెండు కుటుంబాలూ ఒకే వరుసలో కూర్చుంటేనే అది సర్కస్ అని నా లెక్క.

ఆ ఏడు ఆ వరుస కుదిరేలా లేదు. అంతకుముందు వేసవిలో మా చెల్లెలికి చెవులు కుట్టించినప్పుడు, పని ఒత్తిడిలో ఉన్న నాయన తమ్ముడికి అచ్చు పత్రికను పోస్టులో పంపి ఊరుకున్నారు. మా వైపు శుభకార్యానికి పిలవాలంటే మనిషి పోవాలి, గడపలో నిలబడి బొట్టు పెట్టి పిలవాలి. పత్రిక ఆ పిలుపుకు తోడుగా ఇచ్చేదే కానీ దానికి బదులు కాదు. చిన్నాయన వేడుకకు రాలేదు, ఆ తరువాత మా గడప తొక్కనూ లేదు. సొంత తమ్ముడికి మర్యాదలేమిటని నాయన, సొంత తమ్ముడన్న మర్యాదైనా లేదా అని చిన్నాయన, ఇద్దరూ బిగుసుకుని కూర్చున్నారు.

కొత్త సంవత్సరానికి మా అమ్మ దగ్గరి బంధువులకు గ్రీటింగు కార్డులు తన చేత్తోనే కుట్టేది. మందపాటి డ్రాయింగు అట్ట మీద పెన్సిలు గీత గీసి, కింద మడిచిన దుప్పటి వేసి, గీత పొడుగునా ముందుగా సూదితో రంధ్రాలు చేసి, ఆ తరువాతే రంగుదారం ఎక్కించాలి. రంధ్రాలు మరీ దగ్గరైతే అట్ట తపాలా బిళ్ల అంచులా చిరిగి చేతికి వస్తుంది, ఎడమైతే బొమ్మ కుంటుతుంది. అన్నిటికంటే కష్టం మన అక్షరాలు. ఎక్కడా తిన్నని గీత లేని లిపిని తిన్నని కుట్లతో రాయాలంటే, వంపు వచ్చిన చోట కుట్టు పొట్టిది కావాలి. తరువాత ఏళ్ల తరబడి వంపు గోడలకు కొలతలు వేశాను కానీ, ఆ సూత్రం నాకు మొదట చెప్పింది ఆ అట్టే.

ఆ విద్యతో నేనొక గుడారం, దాని ముందొక బఫూన్ బొమ్మ కుట్టి, కింద ‘శనివారం సర్కస్‌కు రా చిన్నాయనా’ అని ఎర్రదారంతో పూర్తి చేశాను. నడుమ సూది వేలిలో దిగి బఫూన్ ముఖం మీద రక్తపు చుక్క పడింది, దాని మీదే ఎర్రటి గుండ్రని ముక్కు కుట్టేశాను. అది కవరులో పెట్టి, పోస్టు డబ్బాలో వేసి, గెంతుకుంటూ వచ్చి అమ్మకు చెప్పాను. అమ్మ చేతిలోని గరిటె కింద పడింది.

“ఓసి నా తల్లీ, పోస్టులో పిలిచినామనే గదే ఆయన అలిగింది! మళ్లా పోస్టులోనే ఏసినావా?”

నాకు అప్పుడు తట్టింది. చిన్నాయన ఇక ఎన్నటికీ రారని, ఆ పాపం నాదేనని నమ్మాను. శనివారం వరకూ నాకు అన్నం సయించలేదు. నాయనకు ఈ సంగతి అమ్మ చెప్పలేదు, నేను చెప్పే ధైర్యం చేయలేదు.

ఆ సాయంత్రం గుడారం దగ్గరికి పోయేసరికి, టిక్కెట్ల కిటికీ పక్కన తెల్లచొక్కాతో నిలబడి ఉన్నది చిన్నాయనే! వెనకాల చిన్నమ్మ, పిల్లలు. నాయన నడక ఆగిపోయింది.

“ఏమిరా, దావ తప్పి వచ్చినావా?”

“నిన్ను సూడను రాలేదులే. నా బిడ్డ పిలిచింది, వచ్చినాను,” అని చిన్నాయన జేబులోంచి కార్డు తీశారు.

నాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “ఇదీ పోస్టులో వచ్చిందే గదరా! నేను పంపితే తప్పు, ఇది పంపితే ఒప్పా?” అన్నారు.

“నువ్వు అచ్చాఫీసోడితో పిలిపించినావు, ఈ బిడ్డ చేత్తో పిలిచింది. ఈ ముక్కు కింద సూడన్నా, సూది గుచ్చుకున్న మరక గూడా ఉండాది.”

నాయన కిటికీ దగ్గరికి పోయి అందరికీ ఆయనే టిక్కెట్లు తీసుకున్నారు.

లోపల అన్నదమ్ములిద్దరూ చెరొక చివర కూర్చోబోతే, అమ్మా చిన్నమ్మా పిల్లలను ఒక పక్కకు నెట్టి వాళ్లిద్దరినీ పక్కపక్కన ఇరికించారు. ఏనుగు బంతి తన్నింది, బఫూన్లు ఒకరి మీద ఒకరు పడ్డారు, ఇద్దరూ ఎదుటికే చూస్తూ వేరువేరుగా నవ్వారు. ఊయల ఆట మొదలైంది. పైన ఒక అమ్మాయి పట్టు వదిలి గాలిలోకి దూకగానే, చిన్నాయన కెవ్వుమని నాయన చెయ్యి రెండు చేతులా పట్టేసుకున్నారు.

“అన్నా, పడిపోతాదన్నా, పడిపోతాది!”

“నన్ను పట్టుకుంటే ఆ పాప ఎట్లా నిలబడతాదిరా?”

వెనక వరుసల వాళ్లు కూడా నవ్వారు. ఆ అమ్మాయి అవతలి మనిషి చేతులకు అంది, దిగి, దండం పెట్టి వెళ్లిపోయింది, చిన్నాయన మాత్రం ఆ చెయ్యి వదలలేదు, నాయన విడిపించుకోనూ లేదు. సింహాలు వచ్చాయని అంటారు కానీ నేను వాటిని సరిగా చూడలేదు, ఆ చేతులనే చూస్తూ కూర్చున్నాను. ఆ వారంలోనే నాయన కుంకుమ భరిణె పట్టుకుని, అమ్మను వెంటబెట్టుకుని ఐరాలకు పోయి, ఏ కార్యమూ లేకపోయినా, ఊరికే భోజనానికి పిలిచి వచ్చారు.

ఇప్పుడు మా కుటుంబమంతటికీ కలిపి ఫోనులో ఒక గ్రూపు ఉంది. ఏ పిలుపైనా అందరికీ ఒకే క్షణంలో చేరుతుంది, రానివాళ్లను ఎందుకు రాలేదని అడిగేవారు లేరు, సరిగా పిలవలేదని నొచ్చుకునేవారూ లేరు. సౌకర్యమే, కాదనను. ఈ మధ్య అందులోనే ఒక గృహప్రవేశం పిలుపు వచ్చినప్పుడు, చిన్నాయనలా ఒక్కసారి అలిగి చూద్దామని నాకు నిజంగానే అనిపించింది. కానీ అలిగానని కనిపెట్టి, అది తీర్చడానికి బస్సెక్కి వచ్చేవాళ్లు ఇప్పుడెవరున్నారా అని ఆలోచించి, నేనూ అందరిలాగే ఒక నవ్వు బొమ్మ పంపి ఊరుకున్నాను.